షాడే 2010 ఆల్బమ్ ఎల్పీ (వినైల్ రికార్డు): లోపలి పాటల్లో 'స', 'ష' చీలుతున్నాయి, ఏం మార్చాలి?

పదేళ్ల విరామం తర్వాత ఇంగ్లిష్ సంగీత బృందం షాడే హడావుడి లేకుండా తెచ్చిన 'సోల్జర్ ఆఫ్ లవ్'లో గొంతుకీ బేస్‌కీ మధ్య ఖాళీయే ప్రాణం. అందుకే చిన్న గరగర కూడా భరించలేం. 2020 బాక్స్ సెట్ ప్రతి ఇది, లండన్ అబీ రోడ్ స్టూడియోలో హాఫ్-స్పీడ్‌లో (సగం వేగంతో గాడి చెక్కే పద్ధతిలో) కట్ చేసినది. మొదటి పాటలు శుభ్రం. లేబుల్‌కి దగ్గరయ్యేకొద్దీ, ముఖ్యంగా కుడి ఛానెల్లో, ఊష్మాలు ('స', 'ష' లాంటి ధ్వనులు) చీలుతున్నాయి. లోపల గాడి వేగం తగ్గి తరంగాలు ఇరుకవుతాయి, అది సహజమే. రికార్డు కడిగాను. ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు మొన) సూది, రికార్డు మీద దాని బరువు 2 గ్రాములు, యాంటీ-స్కేట్ (సూది చేయి లోపలికి లాగబడకుండా ఆపే సర్దుబాటు) 1.5, సూది అమరిక ప్రొట్రాక్టర్‌తో (కోణం కొలిచే పలకతో) సరిచూశాను. కుడివైపే ఎక్కువంటే యాంటీ-స్కేట్ చాలట్లేదనుకోవాలా? దాన్ని 2కి పెంచితే సరిపోతుందా, లేక మైక్రోలీనియర్ (ఇంకా సన్నని మొన) సూదే కొనాలా? ఈ రెండు రకాల సూదులూ పోల్చి విన్నవాళ్లు దయచేసి చెప్పండి.