పాత మాసపత్రికలు ఇంట్లోనే బైండు చేస్తున్నాను: జిగురు సందేహాలు, ఇంకో పెద్ద సందేహం

అడిగినవారు, నల్లగొండ

అందరికీ నమస్కారం. మా నాన్నగారి ఇనుప పెట్టెలో 1970ల నాటి పిల్లల మాసపత్రికలు డెబ్బై దాకా దొరికాయి. పిన్నులు తుప్పు పట్టాయి. కొన్నింటికి అట్టలు ఊడి వచ్చాయి. ఏడాదిగా సాయంత్రం పూట వీటిని బాగుచేసుకోవడమే నాకు కాలక్షేపం. చిన్న నోటుపుస్తకాలు కుట్టడం వరకు చేయి తిరిగింది కానీ ఈ పత్రికల దగ్గర ఆగిపోయాను. ఫెవికాల్ పూసిన చోట పేజీలు ఎండాక అప్పడంలా వంకర పోతున్నాయి. మైదా జిగురు చేసుకుంటే మూడో రోజుకు బూజు పడుతోంది. ఏడాదికి పన్నెండు సంచికలను ఒక్క పుస్తకంగా కుట్టవచ్చా?

ఇంకొక సంగతి అడగాలా వద్దా అని ఆలోచించాను. ఇంట్లో ఎవరికీ ఇది పట్టదు. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఐదు నిమిషాలు కూర్చుని లేచి వెళ్లిపోతుంది. అత్తమ్మకు చదువు రాదు, "పాత కాగితాలకు ఇంత సేవ దేనికి" అంటారు. మా వారికి ఫోను ఉండనే ఉంది. బొమ్మలు చెడగొడతారేమోనని నేను కూడా వెనక గదిలో తలుపు వేసుకునే చేసుకుంటున్నాను. వాళ్లకు కూడా కొంచెం రుచి పుట్టించే దారి ఉంటే చెప్పండి.

రిటైరైన బైండరు, మహబూబ్‌నగర్

అమ్మా, ముందు ఫెవికాల్ డబ్బా పక్కన పెట్టండి. అది అట్టకు, పుస్తకం వెన్నుకు మంచిదే. పాత పేజీకి మాత్రం పనికిరాదు. ఒకసారి ఎండితే మళ్లీ విడదీయలేం, రేపు తప్పు దిద్దుకోవాలంటే పేజీ చిరుగుతుంది. మైదా జిగురు అలా కాదు, తడి గుడ్డ కాసేపు అద్దితే వదులుతుంది. పాత కాగితం మీద చేసే పని ఏదైనా వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి.

ఒక గరిటె మైదాకు నాలుగైదు గరిటెల నీళ్లు. ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాతే సన్నటి సెగ మీద పెట్టండి. గరిట ఆపకూడదు. తెల్లటి రంగు పోయి గాజులా మెరుపు వచ్చినప్పుడు దించండి. చల్లారాక పలుచటి గుడ్డలో వడకట్టండి, ఈ ఒక్కటీ చాలామంది మానేస్తారు. ఒక రోజుకు సరిపడా మాత్రమే చేసుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఆగుతుంది, పులిసిన వాసన వస్తే పారేయండి.

మా ప్రెస్సులో బూజుకు, పురుగుకు జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్లం. అది విషం. వంటింటి గిన్నెలు, పిల్లల చేతులు ఉన్న ఇంట్లో ఆ ఊసే వద్దు. కొందరు పటిక కలపమంటారు, అందులోని ఆమ్ల గుణం ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసు చేస్తుంది.

పేజీ వంకర పోవడానికి తప్పు జిగురుది ఒక్కదానిదే కాదు. కాగితానికి వాలు ఉంటుంది. ఒకవైపు సులువుగా మడత పడుతుంది, రెండోవైపు మొండికేస్తుంది. చిరుగుకు వేసే అతుకు వాలు, పేజీ వాలు ఒకే దిక్కుగా ఉండాలి. అట్ట వాలు వెన్నుకు సమాంతరంగా ఉండాలి. జిగురు పలుచగా పూసి, పైనా కిందా పాత దినపత్రికలు పెట్టి, తెల్లవారే దాకా బరువు కింద ఉంచండి. గంట తరువాత ఆ దినపత్రికలు ఒకసారి మార్చండి, చెమ్మంతా వాటిలోకే దిగుతుంది. బరువుకు సన్నికల్లు చాలు.

పన్నెండు సంచికలు ఒక్కటిగా కుట్టవద్దు. ఆరేసి చొప్పున రెండు పుస్తకాలు చేయండి, తెరిచినప్పుడు పూర్తిగా పరుచుకుంటాయి.

పాఠకుడు, సూర్యాపేట

ఇంత శ్రమ ఎందుకండీ? జిరాక్సు దుకాణంలో పక్క నుంచి రంధ్రాలు పొడిచి స్పైరల్ వేస్తారు. పది నిమిషాల పని.

రిటైరైన బైండరు, మహబూబ్‌నగర్

పక్క నుంచి పొడిస్తే లోపలి అంచున ఉన్న అక్షరాలు, బొమ్మలు రంధ్రాల పాలవుతాయి బాబూ. యాభై ఏళ్ల కాగితం ఆ రంధ్రాల దగ్గరే తెగుతుంది. ఆఫీసు కాగితాలకైతే స్పైరల్ మంచిదే.

అడిగినవారు, నల్లగొండ

సార్, చాలా కృతజ్ఞతలు. వడకట్టడం నాకు తెలియదు, ఇన్నాళ్లూ ఉండలను వేలితో నలుపుతూ కూర్చున్నాను. కుట్టు ఎలా వేయాలో కూడా చెబుతారా?

రిటైరైన బైండరు, మహబూబ్‌నగర్

ముందు పిన్నులు తీయాలి. లాగవద్దు. సంచికను మధ్యకు తెరిచి, మొండి చాకు మొనతో పిన్ను కాళ్లు పైకి లేపి, వెనక నుంచి మెల్లగా జారనివ్వండి. తుప్పు పొడిని ఆరిన కుంచెతో దులపండి, తడి తగిలితే మరక పాకుతుంది. పాత రంధ్రాలను మళ్లీ వాడవద్దు, తుప్పు తిన్న చోట బలం ఉండదు.

సంచిక పొడవుకు సరిపడే కాగితపు పట్టీ మీద ఆరు గుర్తులు పెట్టుకోండి. పై నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కింద నుంచి అంతే దూరంలో ఒకటి. నడుమ రెండు చోట్ల వెన్నుకు అడ్డంగా నాడా వస్తుంది, ఒక్కో నాడాకు అటూ ఇటూ ఒక్కో గుర్తు. లంగాలకు వాడే చదునైన నూలు నాడా, సెంటీమీటరు వెడల్పుది చాలు. అదే పట్టీని ప్రతి సంచిక మడతలో పెట్టి దబ్బనంతో పొడవండి. కంటి అంచనాతో పొడిస్తే ఆరో సంచికకు వచ్చేసరికి పుస్తకం నడుము వంగిపోతుంది.

సన్నటి, గట్టి నూలు దారం తీసుకుని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగండి. మొదటి సంచికకు చివరి రంధ్రంలో బయటి నుంచి లోపలికి వెళ్లి, నాడా పక్కన బయటికి వచ్చి, నాడా మీదుగా దాటి మళ్లీ లోపలికి. అలా రెండో చివర బయటికి రావాలి. రెండో సంచికను దాని మీద పెట్టి అదే పద్ధతిలో వెనక్కి వచ్చి, మొదట వదిలిన దారం కొసతో ముడి వేయండి. మూడో సంచిక నుంచి ఒక్కో చివరకు వచ్చినప్పుడల్లా కింది రెండు సంచికల నడుమ సూది దూర్చి, దారపు ఉచ్చులోంచి తీసి బిగించాలి. దారాన్ని వెన్ను పొడవునే లాగండి. మీ వైపు లాగితే మడత చిరుగుతుంది.

కుట్టయ్యాక వెన్నుకు ఫెవికాల్ పూసి పలుచటి నూలు గుడ్డ అంటించండి. గుడ్డ అంచులు, నాడా కొసలు రెండు పక్కలా అంగుళం చొప్పున మిగలాలి, అట్టను పట్టుకునేవి అవే. అంచులు కత్తిరించి సమం చేయాలని చూడవద్దు, బొమ్మలు పోతాయి.

ఇక మీ రెండో సందేహం. మీరు రాసింది మళ్లీ చదువుకోండమ్మా. "చెడగొడతారేమోనని తలుపు వేసుకుని" అన్నారు. తలుపు మీరే వేసుకున్నారు కదా? నేను పనిలో చేరిన మొదటి నెలలో మా ఉస్తాద్ నా చేతికి చిత్తు కాగితాలు ఇవ్వలేదు, అసలు పనే ఇచ్చాడు. రెండు పుస్తకాలు పాడుచేశాను. మూడోది నిలబడింది.

నేత ఇంటి కోడలు, పోచంపల్లి

అక్కా, మీ అత్తమ్మ బొంతలు కుట్టేవారా? ఆ వయసు వాళ్లలో చాలామందికి వచ్చు. బొంత కుట్టిన చేతికి బైండరు గారు చెప్పిన కుట్టు ఒక లెక్కలోకి రాదు. ఆరు పొరల పాత చీరల మీద వరుస తప్పకుండా కుట్టిన మనిషికి ఆరు సంచికలు ఎంత? ఒకసారి సూది ఆమె చేతికి ఇచ్చి చూడండి.

అట్టకు గుడ్డ కావాలంటే ఇక్కత్ ముక్కలు బాగుంటాయి. నేయక ముందే నూలుకు ముళ్లు కట్టి రంగు వేస్తాం కాబట్టి రెండు వైపులా డిజైను ఒకేలా ఉంటుంది. చిన్న ముక్కను కూడా తిప్పి, మలిపి వాడుకోవచ్చు. అయితే గుడ్డను నేరుగా అట్టకు అంటిస్తే జిగురు పైకి ఊరి మచ్చలవుతుంది. ముందు గుడ్డ వెనక పలుచటి కాగితాన్ని మైదా జిగురుతో అంటించి, ఆరాక కత్తిరించండి. ఇలా చేస్తే పోగులు కూడా ఊడవు. అంచుల్లో సెంటీమీటరున్నర మడతకు వదలండి. రంగు దిగుతుందేమో ముందే తడి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోండి.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో తేలియా రుమాలు ముక్క ఉంటే దీనికి మాత్రం వాడవద్దు. పుట్టపాకలో ఆ నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టి తయారుచేస్తారు, ఆ నూనె వాసన గుడ్డను వదలదు. తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుంది కానీ పాత కాగితం పక్కన నూనె దేనికి?

తెలుగు ఉపాధ్యాయిని, వనపర్తి

అమ్మాయి విషయం నేను చెబుతాను. ఏడో తరగతి పిల్లకు జిగురు పూయడం రెండు రోజుల ముచ్చట. ఆ వయసుకు నచ్చేది అధికారం. డెబ్బై సంచికలకు జాబితా రాసే పని అప్పగించండి: ఏ నెల, ఏ సంవత్సరం, ఏ కథలు, ఏ పేజీ చిరిగింది, ఏ సంచిక లేదు. ఏది ముందు బైండు చేయాలో ఆమెనే తేల్చమనండి. జాబితా రాయాలంటే సంచికలు తెరవాలి, తెరిస్తే చదవకుండా ఉండలేదు. "చదువు" అని మాత్రం అనకండి, ఆ మాట వింటే మా క్లాసులో సగం మంది కిటికీ వైపు చూస్తారు.

కుట్టేటప్పుడు ఒకరు పైకి చదవాలి. చేతులు పనిలో ఉంటే చెవులు ఖాళీగా ఉంటాయి. చదువు రాని పెద్దవాళ్లకు అది మరీ ఇష్టం.

కొత్త సరదా కావాలంటే ఇంటి లిఖిత పత్రిక మొదలుపెట్టండి. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, మా పాత పాలమూరు జిల్లా వాడైన సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనతో సరిపెట్టలేదు. 354 మంది కవుల వివరాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చు వేశారు. (1952లో ఆయన మా వనపర్తి నుంచే శాసనసభకు వెళ్లారు, అందుకని మేము కాస్త ఎక్కువగానే చెప్పుకుంటాం.) మా పిల్లలకు ఇది చెప్పి, ఎవరి ఇంట్లో వాళ్లు అలా సేకరించమన్నాను. అమ్మమ్మల బతుకమ్మ పాటలు, పొడుపు కథలు, తొక్కు పెట్టే పద్ధతులు పోగయ్యాయి. ఒక అబ్బాయి వాళ్ల తాత అప్పుల లెక్క మొత్తం రాసుకొచ్చాడు. ఆ పేజీ చింపించడానికి వాళ్ల నాన్న బడికి వచ్చారు. ముందే పెద్దలకు చూపించి రాయమని చెప్పడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

అడిగినవారు, నల్లగొండ

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

వెనక గది నుంచి సరంజామా అంతా హాల్లోకి తెచ్చాను. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు దబ్బనం కనిపించక అత్తమ్మను అడిగాను. ఆవిడ తెచ్చిచ్చి, నేను దారం లాగే తీరు చూసి "అట్ల లాగితే తెగుతది బిడ్డా" అని సూది చేతిలోంచి తీసుకున్నారు. అంతే, ఆ సూది ఇప్పటికీ నాకు తిరిగి రాలేదు. బైండరు గారు చెప్పిన చివరి ముడి నాకు రెండు రోజులు కుదరలేదు. ఆవిడ ఒక్కసారి చూసి వేశారు, బొంత మూలకు కూడా అలాగే వేస్తారట.

అమ్మాయి జాబితాలో పదకొండు సంచికలు లేవని తేలింది. తాతయ్య వాటిని ఎవరికి ఇచ్చి ఉంటారో కనుక్కోవడానికి తండ్రి చేత బంధువులందరికీ ఫోన్లు చేయిస్తోంది. అలా ఆయన ఫోను కూడా పనిలోకి వచ్చింది. మిర్యాలగూడలో ఉన్న మేనత్త దగ్గర నాలుగు దొరికాయి.

తప్పు కూడా చెప్పాలి. మొదటి పుస్తకంలో మే సంచిక తలకిందులుగా కుట్టాం. అమ్మాయి చదువుతున్న కథలో పడి ముగ్గురమూ చూసుకోలేదు. విప్పుదామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, తన కుట్టు విప్పడానికి వీల్లేదట. మే నెల వచ్చినప్పుడు పుస్తకం తిప్పి పట్టుకుని చదువుకుంటున్నాం.

ఇప్పుడు అత్తమ్మ బతుకమ్మ పాటలు చెబుతుంటే అమ్మాయి రాస్తోంది. విడి కాగితాల మీద రాసి తరువాత కుట్టాలని ఆలోచన. మార్జిన్ ఎంత వదలాలి సార్?

రిటైరైన బైండరు, మహబూబ్‌నగర్

విడి కాగితాలు వద్దమ్మా. పెద్ద కాగితాలను మధ్యకు మడిచి, నాలుగేసి ఒకదానిలో ఒకటి దూర్చితే పదహారు పేజీల ఫారం అవుతుంది. రాయడానికి ముందే పేజీ నంబర్లు వేయించండి, లేకపోతే పాట సగం ఇక్కడా సగం అక్కడా పడుతుంది. మడత వైపు ముప్పావు అంగుళం, మిగతా మూడు వైపులా అర అంగుళం వదలండి. బాల్‌పెన్నుతో రాయమనండి, నీళ్ల సిరా జిగురు తడికి పాకుతుంది.

తలకిందులైన మే సంచికను అలాగే ఉంచండి. అట్ట వేసేటప్పుడు మాత్రం పైభాగం ఎటో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, లేదంటే అట్ట కూడా తిరగబడుతుంది.