కడపలో నేచర్ గైడ్ అవ్వాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది బద్వేలు, డిగ్రీ అయిపోయింది. చిన్నప్పటి నుంచి లంకమల అడవి అంటే ప్రాణం. సర్టిఫికెట్ ఉన్న గైడ్ అవ్వాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నా?

జవాబు 1: కేంద్ర పర్యాటక శాఖ వాళ్ల ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ (అంటే గైడ్ లాగా పర్యాటకులకు సాయపడేవాళ్ల) కోర్సు ఆన్‌లైన్‌లోనే ఉంది తమ్ముడూ, అది చూడు. కానీ ఆ కాగితం చేతిలో ఉన్నా అభయారణ్యంలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాల్సిందే, 1972 వన్యప్రాణి చట్టం అలా చెప్తుంది.

జవాబు 2: సర్టిఫికెట్ కంటే ముందు కలివికోడి అనే అరుదైన పక్షి గురించి చదువు. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మన కడప జిల్లాలోనే దొరికింది, అదీ రాత్రిపూట టార్చి వెలుగులో, ఈ అడవి తెలిసిన మనిషి చేతికి. తర్వాత శాస్త్రవేత్తలు నేల మీద మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే కాలి ముద్రలు చూసి దాన్ని వెతికారు. అలా ముద్రలు చదవడం గొర్రెల కాపరుల దగ్గర నేర్చుకో, వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, మా పెద్దనాయనకు గొర్రెలున్నాయి. రేపే పోతా.