తరగతి గది తలుపును జల్లుకు తట్టుకునేలా ఎలా అలంకరించాలి?

మూడో తరగతి టీచర్:
మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. నా గదికి రెండు రెక్కల ఇనుప తలుపు. ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచింది, అడుగున జానెడు మేర తుప్పు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి దాన్ని ముస్తాబు చేద్దామని పిల్లలకు మాట ఇచ్చేశాను. పోయిన ఏడాది చార్టు మీద అక్షరమాల రాసి అంటించాను. వరండాలోకి జల్లు కొట్టి రెండో రోజుకే ‘ఋ’ దగ్గర నుంచి కిందికి వేలాడింది. టేపు పీకితే దాంతో పాటు రంగూ ఊడింది. ఇంకో చిక్కు, పొద్దున తాళం తీశాక సాయంత్రం దాకా తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఇక చూసేదెవరు? థర్మాకోల్, మెరుపు కాగితాలు వద్దు. ఖర్చు 500 దాటకూడదు, అదీ నా చేతి డబ్బే.

రిటైరైన మాస్టారు:
అమ్మా, మీ తలుపు లోపలికి తెరుచుకునేదైతే గోడకు ఆనేదాకా నెట్టి చూడండి. బయటి ముఖమే గదిలోకి తిరుగుతుంది. కాబట్టి బయటివైపే చేయండి, పిల్లలకు రోజంతా కనిపిస్తుంది. కాగితం జోలికి పోకండి. గరుకు కాగితంతో తుప్పు గీకి, తుప్పు పట్టకుండా ఆపే రెడాక్సైడ్ పూసి, అది ఆరాక నల్లబల్ల రంగు రెండు పూతలు వేయండి. తలుపంతా అక్కరలేదు, పిల్లల చేతికి అందే ఎత్తులో ఒక పట్టీ చాలు. సెలవు రోజున వేయండి, ఆ వాసన పిల్లలకు పడదు. కుడి రెక్క మీద సుద్దతో ‘లక’ అని రాసి ఉంచండి. ఎడమ రెక్క మీద రోజుకొకటి: ప, చి, గి, మొ. తలుపు మూస్తే పలక, చిలక, గిలక, మొలక.

వెల్డింగ్ షాపు నాన్న:
ఇనుప రేకుకు టేపు ఎందుకు మేడమ్, అయస్కాంతం ఉండగా? రేడియోలు బాగుచేసే కొట్లో అడిగితే పాత స్పీకర్లలోవి ఇస్తారు. పిల్లల బొమ్మలు వాటితో నిలబెట్టండి, జల్లు వస్తే తీసేయవచ్చు. బిళ్లల్లాంటి చిన్నవి మాత్రం వద్దు. చిన్న తరగతుల వాళ్లు నోట్లో పెట్టుకుంటారు.

తెలుగు పండిట్:
ఆ రోజున కూడా అక్షరమాలేనా? అది గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు (1863). జనం మాట్లాడే భాష పుస్తకాల్లోకి రావాలని పోరాడిన మనిషి, సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్న మనిషి. తలుపు మీద పిల్లల ఇంటి మాటలు ఉండాలి. ఒక సొరకాయ గీయండి, ఎవరింట్లో దాన్ని ఏమంటారో వాళ్లనే రాయమనండి. తగువు పడితే పడనివ్వండి.

మూడో తరగతి టీచర్:
అందరికీ నమస్కారం. పూత ఆరింది. ఖర్చు నాలుగువందల చిల్లర. ఈ పొద్దున ‘చిలక’ రాసి, తలుపు మూసి, పిల్లలను వరండాలో నిలబెట్టి చదివించాను. బాగానే ఉంది. తీరా తెరిచి లోపల కూర్చున్నాక వెనక వరుసలోంచి ఒకడు “టీచర్, లకచి!” అని అరిచాడు. చూద్దును కదా, ఎడమ రెక్క కుడి పక్కకు వచ్చి కూర్చుంది! మాస్టారూ, ఈ సంగతి మీరు చెప్పలేదు. సాయంత్రానికి పేర్లు కూడా తిప్పేసి పిలుచుకుంటున్నారు. నన్ను ఇంకా ‘చర్‌టీ’ అనలేదు. సొరకాయ కూడా గీశాం. ప్రస్తుతానికి ఆనపకాయదే పైచేయి.