పరధ్యానం అంటే ధ్యాస లేకపోవడమా?

నిన్నటి చర్చలో ఒకరు పరధ్యానానికి "ధ్యాస లేకపోవడం" అని అర్థం రాశారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నాకు మాత్రం రాత్రంతా అదే ఆలోచన. పర అంటే వేరే, ఇతర. పరధ్యానం అంటే వేరేదాని మీద ధ్యానం. ధ్యాస తప్పడానికి మనకు ఏమరుపాటు ఉంది, పరాకు ఉంది, వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఒక మంచి మాట పాడైపోతుంది.

శకుంతలనే తీసుకోండి. దుర్వాసుడు వచ్చి పిలిస్తే ఆమెకు వినపడలేదు. కథ చెప్పేటప్పుడు మనం "అన్యమనస్కంగా ఉంది" అంటాం. కాళిదాసు ఆ శాపంలో వాడిన మాట "అనన్యమానసా". అంటే మనసు మరోచోట లేనిది. బయట నిలబడి పిలిచేవాళ్ళకి ఆమె మనసు ఎక్కడో ఉంది, ఆమె వైపు నుంచి చూస్తే ఒక్కచోటే ఉంది, అక్కడి నుంచి కదల్లేదు. కోపంతో శపించే మనిషి కూడా ఆమెకు ధ్యాస లేదనలేదు చూడండి.

ఈ తేడా కళ్ళలో కనిపిస్తుంది, అందుకే ఈ పోస్టు.

ఈ మధ్య మా అమ్మని మా పాత ఇంటి గురించి అడిగాను. ఇప్పుడు ఉండేది అపార్ట్‌మెంట్‌లో, ఎదురుగా క్యాలెండర్ కూడా లేని తెల్లగోడ. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మొదలుపెట్టింది. "వీధరుగు దాటగానే సావిడి, ఇటు పక్క వడ్ల గాదె, పెరట్లో బావి, బావి దగ్గర కరివేపాకు చెట్టు" అని చెబుతుంటే చూపు ఆ ఖాళీ గోడ మీద ఒక్కో చోటికి పోతోంది. గాదె అన్నప్పుడు ఎడమకి, బావి అన్నప్పుడు పైకి, దూరంగా. కాసేపాగి "గాదె పక్కన ఏముండేదమ్మా?" అంటే మళ్ళీ ఆ ఎడమ మూలకే చూసింది, చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది.

సరిగ్గా ఇలాంటిదాన్నే స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో యోహాన్సన్, ఆయన తోటి పరిశోధకులు కొలిచి 2006లో ప్రచురించారు. మధ్యలో పెద్ద చెట్టు, చెట్టు చిటారున పిట్ట, ఎడమ చివర పసుపు ఇల్లు అని ఒక దృశ్యాన్ని మాటల్లో వినిపించారు. వినేవాళ్ళ ఎదురుగా బొమ్మ లేదు. అయినా పిట్ట అంటే కళ్ళు పైకి, ఇల్లు అంటే ఎడమకి వెళ్ళాయి, కటిక చీకట్లో కూర్చోబెట్టినా అంతే. "కళ్ళకు కట్టినట్టు చెప్పాడు", "ఇంకా కళ్ళలో మెదులుతోంది" అని మనవాళ్ళు ఊరికే అనలేదనిపిస్తుంది నాకు. జ్ఞాపకం మనసులో మెదిలిందంటాం, కళ్ళలో మెదిలిందనీ అంటాం.

ఇక "శూన్యంలోకి చూడటం". దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్ళూ కాస్త లోపలికి తిరిగి దాని మీద కలుస్తాయి. ఆలోచనలో పడ్డప్పుడు ఆ పట్టు సడలుతుంది. అప్పుడు చూపు మన ముఖం మీద ఆగకుండా మనల్ని దాటి వెనక్కి పోయినట్టుంటుంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్ విశ్వవిద్యాలయంలో మథియాస్ బెనెడెక్ బృందం ఏళ్ళ తరబడి ఈ పనిలోనే ఉంది. మనసు బయటి పని మీద ఉన్నప్పుడు ఒకలా, లోపలి ఆలోచన మీద ఉన్నప్పుడు ఇంకోలా కళ్ళ మధ్య కోణం, కంటిపాప, రెప్పపాట్లు మారుతుంటాయని వాళ్ళ కొలతలు చెబుతాయి. మన ఇళ్ళలో "నేను నీ కంటికి ఆనడం లేదా?" అని విసుక్కుంటారు కదా, చూపు మందగించినా ఆనడం లేదంటాం, మనిషి పట్టించుకోకపోయినా ఆనడం లేదంటాం. కళ్ళు తెరిచే ఉన్నా చూపు ఆనకపోవచ్చని ఆ క్రియకి ముందే తెలుసు.

ఒకచోట మాత్రం మన రచయితలది పొరపాటనుకుంటాను. "రెప్ప వాల్చకుండా శూన్యంలోకి చూస్తూ" అని తెగ రాస్తారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ళు 2010లో, చదువుతున్న మనుషుల రెప్పపాట్లు లెక్కపెడితే మనసు పుస్తకం విడిచి వేరేచోటికి పోయినప్పుడే ఎక్కువ ఉన్నాయి. రెప్ప వాల్చనిది ఎదుట ఉన్నదాన్ని గుడ్లప్పగించి చూసేటప్పుడు. లోపలికి వెళ్ళే మనిషి తలుపు దగ్గరేసుకున్నట్టు రెప్పలు ఎక్కువసార్లు వాలుస్తాడు.

వ్యాఖ్య: బాగుంది అన్నయ్యా. మరి కుడివైపు పైకి చూస్తే అబద్ధం చెబుతున్నట్టని మా ఆఫీసు ట్రైనింగ్‌లో చెప్పారు, అదీ ఇలాంటిదేనా?

నా జవాబు: కాదు తమ్ముడూ, దాన్ని నమ్మకు. బ్రిటన్‌లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం 2012లో దాన్ని పరీక్షించి చూసింది, అబద్ధానికీ ఆ వైపుకీ సంబంధం కనపడలేదు. చూపు ఎటు పోతుందన్నది ఊహలో ఆ వస్తువు ఎటు ఉందన్నదాన్ని బట్టి. మా అమ్మ ఎడమకి చూసింది గాదె అటు ఉంది కాబట్టి. ఇలాంటి మాటలు పట్టుకుని ఇంటర్వ్యూల్లో మనుషుల్ని అనుమానిస్తే అన్యాయం.

వ్యాఖ్య: నాకు అసలు ఏదీ కళ్ళకు కట్టదండి. ఊహించమంటే నల్లగా ఉంటుంది. నాలో లోపమా?

నా జవాబు: లోపం కాదండి. దానికి 2015లో ఆడమ్ జీమన్ అనే బ్రిటన్ న్యూరాలజిస్టు అఫాంటాసియా అని పేరు పెట్టారు. మామూలుగా ఎండను ఊహించుకుంటే కంటిపాప నిజంగానే చిన్నదవుతుంది, చీకటి గదిని ఊహించుకుంటే పెద్దదవుతుంది, ఇది ఓస్లోలో 2014లో తేలింది. మీలాంటివాళ్ళలో ఆ మార్పు రావడం లేదని 2022లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. నిజం వెలుతురుకి మాత్రం అందరి కంటిపాపా ఒకేలా స్పందించింది.

వ్యాఖ్య: నేను టీచర్ని. పిల్లలు ప్రశ్న అడగ్గానే పైకప్పు చూస్తారు. "దిక్కులు చూడకు, ఇటు చూసి చెప్పు" అనడం మాకు అలవాటు.

నా జవాబు: మేడమ్, ఈ మాట దగ్గర నాకు గుండె పట్టేస్తుంది. నేను మూడో తరగతిలో ఉండగా పదమూడో ఎక్కం అడిగారు, పదమూడు ఏడులు దాకా వచ్చి ఆ తర్వాతది వెతుక్కుంటూ కిటికీ వైపు చూశాను, గడ్డం పట్టుకుని తల తిప్పారు. మాస్టారి ముఖం కనపడగానే తొంభై ఒకటి ఎగిరిపోయింది. స్కాట్లాండ్‌లో ఐదేళ్ళ పిల్లలకు, ఆలోచించేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం నుంచి చూపు తిప్పుకోమని నేర్పిస్తే జవాబులు మెరుగయ్యాయని 2006లో ప్రచురించారు. ఎదుటి ముఖాన్ని చదవడానికే మనసు బోలెడు ఖర్చవుతుంది, చూపు తిప్పుకుంటే అదంతా లెక్కకి మిగులుతుంది. వాడు కిటికీలోకి చూస్తున్నప్పుడు ఇంకొక్క క్షణం ఆగండి, "ఇటు చూడు" అనకండి.