కాలమ్స్ 90 దాటాయి, జేసన్‌బీకి మారొచ్చా?

కాలమ్‌కష్టాలు:
మా ప్రొడక్ట్స్ టేబుల్‌లో ఫోన్‌కి ర్యామ్, చొక్కాకి సైజు, పుస్తకానికి పేజీలు... ఇలా దేని వివరాలు దానివే. ఏ వరస తీసినా ముప్పాతిక వంతు నల్లే (ఖాళీయే). పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక జేసన్‌బీ కాలమ్ (కీ, దాని విలువ అని జతలుగా ఏ వివరాలైనా పట్టేది) పెట్టి అన్నీ అందులో పడేద్దామంటున్నారు మావాళ్లు. చేసి చూసినవాళ్లు ఉన్నారా?

నల్‌రాజు:
చేశాం, సగం వెనక్కి తెచ్చుకున్నాం. బరువు కూడా జేసన్‌లోనే పెట్టాం. ->> గుర్తుతో కీ విలువ తీస్తే వచ్చేది టెక్స్ట్. దాన్ని నంబర్‌గా మార్చకుండా ఆర్డర్ బై (వరసలో పేర్చమని) రాశాడు మా టీమ్‌లో ఒకడు (నేనే). అక్షరాల లెక్కన 1000 గ్రాములది 200 గ్రాముల దానికంటే ముందొచ్చి కూర్చుంది. టెస్ట్ డేటాలో అన్నీ మూడంకెల బరువులే, అందుకే ఎవరి కంటా పడలేదు.

పాతటేబుల్:
టైప్ జేసన్‌బీయేనా, ఒట్టి జేసనా, అది చూసుకోండి. 2012లో 9.2తో వచ్చిన జేసన్, ఇచ్చిన టెక్స్ట్‌ని ఉన్నదున్నట్టే దాస్తుంది. 2014లో 9.4తో వచ్చిన జేసన్‌బీ బైనరీ. వెతకడానికి ఇదే మేలు, కానీ కీల క్రమం నిలవదు, ఒకే కీ రెండుసార్లు ఉంటే చివరిదే మిగులుతుంది. బయటి సర్వీస్ నుంచి వచ్చిన పేలోడ్‌ని (పంపిన డేటాని) ఇందులో దాచి, తర్వాత తీసి డిజిటల్ సంతకం సరిచూశాం. టెక్స్ట్ మారిపోయింది కాబట్టి ఒక్కటీ కలవలేదు. రెండు రోజులు అవతలివాళ్లనే తిట్టుకున్నాం.

స్కాన్‌బాధితుడు:
నేను జేసన్‌బీలో వెతకడానికి జిన్ ఇండెక్స్ వేశాను. అయినా టేబుల్ మొత్తం స్కాన్ చేస్తోంది!

పాతటేబుల్:
వేర్ షరతులో ->> పెట్టి '=' రాశారు కదూ? కాలమ్ మీద వేసిన జిన్‌కి అది పట్టదు. @> గుర్తుతో ('ఇందులో ఇది ఉందా' అని) రాయండి. వెతికేది ఒక్క కీ మీదే అయితే దానికో ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ (ఆ కీ విలువ మీదే వేసేది) చాలు.

నల్‌రాజు:
ఇంకోటి మర్చిపోయా. వ్యూ కౌంట్ లాంటివి అందులో పెట్టొద్దు. ఒక్క అంకె మార్చినా ఆ వరసలోని డాక్యుమెంట్ మొత్తం మళ్లీ రాస్తుంది. మా టేబుల్ ఉబ్బిపోయింది, పాత కాపీలు తుడిచే వాక్యూమ్‌కి ఊపిరాడలేదు.

డాల్ఫిన్:
మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి జేసన్ టైప్ ఉంది. దాని మీద నేరుగా ఇండెక్స్ వేయనివ్వదు. కావాల్సిన కీని జెనరేటెడ్ కాలమ్‌గా (దానంతటదే నిండే కాలమ్) తీసి దానిమీద వేశాం, బాగానే నడుస్తోంది.

కాలమ్‌కష్టాలు:
అయితే ధర, బరువు, బ్రాండ్ కాలమ్స్‌గానే ఉంటాయి, మిగతావి జేసన్‌బీలోకి. ఇప్పుడే లిస్ట్ తీస్తుంటే 'సైజు', 'సైజ్', 'కొలత' అని మూడు కాలమ్స్ కనిపించాయి. మూడింట్లోనూ డేటా ఉంది.

పాతటేబుల్:
వాటిని కలిపాకే మార్చండి. జేసన్‌లో కొత్త కీ పుట్టడానికి ఆల్టర్ టేబుల్ (టేబుల్ ఆకారం మార్చే ఆదేశం) కూడా అక్కర్లేదు. చెక్ కన్‌స్ట్రెయింట్ (ఏ కీలు ఉండొచ్చో చెప్పే షరతు) పెట్టకపోతే ఆ మూడూ ముప్పై అవుతాయి.