ఫాక్నర్ నాకెందుకు ఎక్కట్లేదు?

సగంలో_ఆగిన_పుస్తకం
అమెరికన్ నవలాకారుడు విలియం ఫాక్నర్‌ని ఇక్కడ ఎవరైనా నిజంగా ఇష్టంగా చదివారా? గొప్పవాడు కాదు అనట్లేదు, 1949 నోబెల్ ఊరికే ఇవ్వలేదు కదా, కొలంబియా రచయిత మార్కేజ్ అంతటివాడు 1982లో తన నోబెల్ ప్రసంగంలో ఈయన్ని నా గురువు అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ మొదలుపెట్టా. మొదటి భాగంలోనే ఇరుక్కుపోయా. ఆ భాగం చెప్పేది బెంజీ, వయసొచ్చినా మనసు ఎదగని మనిషి. వాడు కంచె సందులోంచి దూరుతుంటే మేకుకి బట్ట తగులుకుంటుంది, పక్కన కాపలాగా ఉన్న లస్టర్ విసుక్కుంటాడు, సరే అనుకునేలోపు కింది లైన్లో మేకు నుంచి విడిపించేది వాడి అక్క కేడీ, అప్పుడు చలికాలం, లస్టర్ లేడు, ఏమైందో ఎవరూ చెప్పరు. ఇక క్వెంటిన్ అనే పేరు ఒక పేజీలో అబ్బాయిది ఇంకో పేజీలో అమ్మాయిది, నేనైతే ప్రింటింగ్ తప్పేమో అనుకున్నా.

విసుగేంటంటే వాక్యాలు కష్టంగా లేవు, చిన్న చిన్న మాటలే. ఎవరిదో పెద్ద దుఃఖం ఉందని తెలుస్తోంది కానీ ఎవరిది, ఎందుకు అనేది దొరకట్లేదు. ముందు కథ సారాంశం చదివేసి తర్వాత పుస్తకం చదివితే తప్పా? లేక వదిలేయమంటారా?

మార్జిన్‌లో_పెన్సిల్
వదిలేయకండి, ఒక్క చిట్కా చెప్తా, బెంజీ పక్కన కాపలా ఎవరున్నారో చూడండి. వెర్ష్ ఉంటే బెంజీ చిన్నపిల్లాడు. టి.పి. ఉంటే కొంచెం పెద్దయ్యాక, కేడీ పెళ్ళి, నాన్న చావు ఆ కాలం. లస్టర్ ఉంటే 1928, అంటే కథలో ఇవాళ. మీరు చెప్పిన కంచె సీన్ అదే, మేకు తగలగానే వాడికి పాత మేకు గుర్తొచ్చింది, గుర్తొచ్చింది అని చెప్పడం వాడికి రాదు, వాడికి నిన్నా ఇవాళా వేరు కాదు. అక్షరాలు వాలుగా మారిన చోట కూడా చాలాసార్లు కాలం మారినట్టే, కానీ దాన్నే నమ్ముకోవద్దు, ప్రతిసారీ అలా ఉండదు. అసలు ఫాక్నర్ వేరే వేరే రంగుల సిరాతో అచ్చేయిస్తే బాగుండు అనుకున్నాడట, అప్పట్లో కుదర్లేదు, 2012లో ఫోలియో సొసైటీ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు అలా రంగుల్లో వేశారు.

క్వెంటిన్‌లు ఇద్దరు, మేనమామా మేనకోడలూ. జేసన్‌లు కూడా ఇద్దరు, తండ్రీ కొడుకూ. బెంజీ అసలు పేరు మోరీ, ఆ పేరుతో ఇంట్లో ఇంకో మేనమామ ఉన్నాడు. ఈ పేర్లు ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోండి చాలు.

ఇంకోటి. పెళ్ళి రోజు టి.పి., బెంజీ ఇద్దరూ తాగేస్తారు. బెంజీ మాత్రం తాగాను అనడు, నేల నిలకడగా లేదు అంటాడు అంతే. ఆ సీన్ దగ్గర నాకు ఈ భాగం మీద కోపం పోయింది. వాడు ఏదీ దాచట్లేదు, కళ్ళకి కనిపించింది కనిపించినట్టు చెప్తున్నాడు, అర్థం కట్టుకోవాల్సింది మనమే.

వరండా_పాఠకుడు
పైవారు చెప్పింది బావుంది కానీ నన్నడిగితే మొదలుపెట్టిన పుస్తకమే తప్పు. ఆయన్ది యాజ్ ఐ లే డయింగ్ తీసుకోండి, 1930లో వచ్చింది. అందులోనూ చైతన్య స్రవంతే, అంటే మనసులో ఆలోచనలు ఎలా పారితే అలా రాసేయడమే, 15 మంది మాట్లాడతారు, కానీ 59 చిన్న చిన్న ముక్కలు, ప్రతి ముక్క మీద మాట్లాడేవాళ్ళ పేరు ఉంటుంది. కథ ఒక్క లైన్లో చెప్పొచ్చు, తల్లి చనిపోతే ఆవిడ కోరిక ప్రకారం శవపేటికని బండి మీద దూరంగా ఉన్న ఊరికి తీసుకెళ్తారు, దార్లో ఏరు పొంగుతుంది, ఇంకా చాలా అవుతాయి. ఒక అధ్యాయం మొత్తం ఒకే ఒక్క వాక్యం. కొన్నిచోట్ల నవ్వొస్తుంది కూడా, ఫాక్నర్‌లో నవ్వు ఉందని ఎవరూ చెప్పరు ఎందుకో.

నచ్చకపోతే_నచ్చలేదు
నేను కొంచెం ఎదురు మాట్లాడతా. ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ మొత్తం చదివా, ఎవరు ఎవరో అర్థమైంది, అయినా నచ్చలేదు. అన్న క్వెంటిన్ చెప్పే రెండో భాగం మెచ్చుకున్నా కానీ మళ్ళీ చదవాలనిపించలేదు. అర్థం కాకపోవడం వేరు, నచ్చకపోవడం వేరండి, ఇక్కడ జనం నచ్చలేదు అంటే వెంటనే నీకు అర్థం కాలేదు అంటారు, అది నాకు ఒళ్ళుమంట. 1956లో పారిస్ రివ్యూ అనే సాహిత్య పత్రిక ఇంటర్వ్యూలో ఎవరో అడిగారు, రెండు మూడుసార్లు చదివినా అర్థం కావట్లేదని జనం అంటున్నారు ఏం చేయాలి అని, నాలుగోసారి చదవమన్నాడు మహానుభావుడు. బాబూ మాకు వేరే పన్లున్నాయి. ఆయన ఇంకో నవల అబ్సలోమ్ అబ్సలోమ్‌లో ఐతే వాక్యం మొదలైన చోటు మర్చిపోయాక గానీ ముగియదు.

మార్జిన్‌లో_పెన్సిల్
హహ ఆ జవాబు నాక్కూడా పొగరుగానే అనిపిస్తుంది. కానీ అదే ఇంటర్వ్యూలో ఇంకో మంచి మాట ఉంది, ది సౌండ్ అండ్ ద ఫ్యూరీ మొత్తం ఆయన మనసులో పడిన ఒక్క బొమ్మ నుంచి పుట్టిందట. లోపల పిల్లల అవ్వ చనిపోయింది, పిల్లలకి చెప్పలేదు, కేడీ పియర్ చెట్టెక్కి కిటికీలోంచి చూస్తోంది, కిందున్న అన్నదమ్ములకి ఆమె లాగుకి అంటిన బురద తప్ప ఏమీ కనపడట్లేదు. చదివే మనం కూడా ఆ చెట్టు కిందే ఉన్నాం అనుకుంటా నేను. కేడీకి సొంతంగా ఒక్క భాగం కూడా ఇవ్వలేదు చూడండి, ముగ్గురు అన్నదమ్ములకీ ఇచ్చాడు, ఆమె గురించి అందరూ మాట్లాడతారు, ఆమె మాత్రం చెప్పదు.

సగంలో_ఆగిన_పుస్తకం
థాంక్యూ అందరికీ. లస్టర్ ఉన్న చోట్ల గీత గీసుకుంటూ మళ్ళీ చదువుతున్నా, కొంచెం కదులుతోంది, ఇష్టం అనలేను కానీ కోపం తగ్గింది. నా కాపీ చివర్లో కాంప్సన్ కుటుంబం, అంటే ఈ బెంజీ వాళ్ళ ఇంటి మీద అనుబంధం ఒకటుంది, అది ముందే చదివేయనా? ఫాక్నరే రాశాడు కాబట్టి సారాంశం చదివిన పాపం ఉండదేమో.

వరండా_పాఠకుడు
ముందొద్దండి. అది నవలతో పాటు రాసింది కాదు, నవల 1929ది, అనుబంధం 1946లో వచ్చిన పోర్టబుల్ ఫాక్నర్ అనే సంకలనం కోసం రాసింది, కొన్ని వివరాలు నవలతో సరిపోవు కూడా. పైగా కేడీ తర్వాతి జీవితం ఏమైందో అందులో చెప్పేస్తాడు. తమ్ముడు జేసన్ చెప్పే మూడో భాగం దాకా ఎలాగోలా వెళ్ళిపోండి, మనిషి పరమ దుర్మార్గుడు కానీ మాట మాత్రం సూటిగా గడగడా చెప్తాడు, మొదటి రెండు భాగాల్లో వదిలేసిన ముడులు సగం అక్కడే విడిపోతాయి.