సమస్య: “కొఱికినట్టి పండె గొప్పదయ్యె”

సంచాలకులు:
ఈ వారం పాదం నాకు విజయనగరంలో, గంటస్తంభం దగ్గర ఒక ఫోను దుకాణంలో దొరికింది. మా మేనకోడలు ఇన్నేళ్లూ వాడిన ఆండ్రాయిడ్ ఫోను వదిలి ఐఫోను కొనుక్కుంటోంది. మా అక్క ఆ పెట్టె మీది బొమ్మను తిప్పి తిప్పి చూసి, “ఎవరో కొరికేసిన పండుకా ఇంత ధర!” అంది. ఆమె మాట పూర్తికాకముందే పాదం కుదిరింది.

కొఱికినట్టి పండె గొప్పదయ్యె

ఈ పాదం చివర వచ్చేలా మిగతా మూడు పాదాలు రాసి పద్యం పూర్తిచేయాలి. ఆ పూరణ ఫోను మార్పిడి మీదే ఉండాలి. శబరి వద్దు. ఈ పాదం చూడగానే అందరి చూపూ అటే పోతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. గడువు ఆదివారం రాత్రి.

నాగావళి:
పాత ఫోను నమ్మి పండుబొమ్మను గొంటి
వీధి మెచ్చె, జేబు వెలితి జేసె
మావిపండు కొఱుక మారుబేరము లేదు
కొఱికినట్టి పండె గొప్పదయ్యె

మన జిల్లాలో మామిడి తోటలున్న ప్రతివారికీ తెలుసు, గాటు పడిన కాయను మండీలో పక్కకు తీసేస్తారు. ఈ పండు మాత్రం గాటుతోనే అమ్ముడవుతుంది, వాడిన తరువాత కూడా మంచి ధర పలుకుతుంది. నా పూరణకు ఆధారం అదే.

చంపావతి:
మూడో పాదం చాలా బాగుంది. “మారుబేరము” అన్న మాట బజారు నుంచి నేరుగా పద్యంలోకి నడిచి వచ్చింది. కాని మొదటి పాదం దగ్గర ఆగిపోయాను. నాగావళి గారూ, పాత ఫోనును అమ్మారా, నమ్మారా? “ఫోనున్ + అమ్మి” అని మీరు విడదీస్తారు. చదివేవారు “నమ్మి” అనే చదువుతారు. “పాత ఫోను వదలి” అంటే ఏ చిక్కూ లేదు, పాదంలోని లఘుగురువుల లెక్క, అంటే గణమూ చెడదు.

నాగావళి:
చిక్కు కాదమ్మా, కావాలనే పెట్టాను. ఏడేళ్లు ఆ ఫోనును నమ్మాను, తరువాత అమ్మాను. రెండూ నిజమే. “వదలి” అంటే రెండో అర్థం పోతుంది.

చంపావతి:
అయితే ఆ మాట పద్యం కింద ఒక వాక్యంలో ముందే చెప్పి ఉండవలసింది. ఇప్పుడు చెప్పారు కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఒకే మాటలో రెండర్థాలు పలికించిన ఆ శ్లేష మంచిదే.

అరసవల్లి:
పెద్దలకు నమస్కారం. ఇది నా రెండో పూరణ. నియమం చూసేలోపే రాసేశాను, మన్నించండి.

రామభక్తి తోడ రాలిన పండ్లను
శబరి రుచి చూచి చవులు దెలిసి
పులుపు పారవైచి పుణ్యాత్మునకు నీయ
కొఱికినట్టి పండె గొప్పదయ్యె

సంచాలకులు:
బాబూ, “రుచి చూచి” దగ్గర ఒక లఘువు జారింది. “రుచిని జూచి” అనండి, సరిపోతుంది. “పులుపు పారవైచి” చక్కని ఊహ. పుల్లనివి తీసేసి తీయనివే ఇవ్వడం అన్న పని కళ్లకు కట్టింది. శబరి వచ్చింది కాబట్టి పోటీలోకి తీసుకోలేను, కాని పద్యం ఇక్కడే ఉంటుంది.

మూడులాంతర్లు:
ఒక్క మాట. వాల్మీకి రామాయణంలో శబరి పండ్లు కొరికి చూసి ఇచ్చిన ఘట్టం లేదు. రాముని కోసం అడవిలో దొరికినవి కూర్చి ఉంచానని మాత్రమే చెబుతుంది. ఎంగిలి పండ్ల కథ తరువాతి భక్తుల ప్రేమలో నుంచి పుట్టింది. అరసవల్లి గారి తప్పు పట్టడానికి కాదు ఈ మాట, ఆ కథ ఎంత లోతుగా మనలో దిగిందో చెప్పడానికి.

ఇక నా పూరణ:

జ్ఞాన మన్న మాట చదువలేకను నాడు
కూలిపోయె పండుగుర్తు ఫోను
తెలుగు పొల్లు నేర్చి తెలివి దెచ్చుకొనంగ
కొఱికినట్టి పండె గొప్పదయ్యె

2018 ఫిబ్రవరి గుర్తుందా? తెలుగులో ఒక్క అక్షరం వస్తే ఐఫోనులో సందేశాల యాప్ కుప్పకూలేది. ఆ అక్షరం “జ్ఞా”. అదే నెల 19న ఐఓఎస్‌కు, అంటే ఐఫోనును నడిపే సాఫ్ట్‌వేర్‌కు, వచ్చిన 11.2.6 సవరణతో ఆ జబ్బు కుదిరింది. లోకమంతా మన అక్షరాన్ని ఒక వింత పురుగులా చూసిన రోజులవి. నాకు చాలా బాధ కలిగింది. మన జ్ఞానం దోషం కాదది, దాన్ని చదవలేని యంత్రం దోషం.

నాగావళి:
యతి దగ్గర, అంటే పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరం కలవవలసిన చోట, సందేహం. జ్ఞా – చ?

మూడులాంతర్లు:
జ్ఞలో జకారం ఉంది కదా. చ జ లకు మైత్రి.

నాగావళి:
అవును, ఒప్పుకున్నాను. “చదువలేకను”లో చివరి “ను” మాత్రం పాదం నింపడానికి వచ్చింది.

వంశధార:
నాకు ఈ పద్యంలో అసలు బలం “తెలుగు పొల్లు”లో కనబడింది. నాడు ఫోనును కూల్చింది మామూలు జ్ఞా కాదు. జ్ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక అక్షరం ఉండేది. “ఫోన్‌లో” అని రాసినప్పుడు నకారం కింద లకారం వత్తుగా అతుక్కోకుండా పొల్లుగా విడిగా నిలబెట్టేది కూడా ఆ కనబడని అక్షరమే. మనం రోజూ వాడేదే. కాబట్టి “పొల్లు నేర్చి” అన్నది అలంకారం కాదు, ఉన్న సంగతే. మీరు తెలిసి రాశారో, పద్యమే మిమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లిందో కాని, అచ్చంగా కుదిరింది.

మూడులాంతర్లు:
సగం తెలిసి రాశాను. మిగతా సగం మీరు ఇప్పుడు చెప్పారు. ధన్యవాదాలు.

అరసవల్లి:
జ్ఞానం అంటే తోటలోని జ్ఞానవృక్షం, ఆ పండు కొరికిన బైబిల్ కథ కూడా గుర్తుకు వచ్చిందండి.

మూడులాంతర్లు:
అది నేను అనుకోలేదు. చాలా బాగుంది తమ్ముడూ.

చంపావతి:
నాది క్రమాలంకారం. మూడు ప్రశ్నలు, చివరి పాదంలో వరుసగా మూడు జవాబులు.

ఫోను వెనుక గుర్తు పొందిక యెట్టిది?
కన్నబిడ్డ కోర్కె కడకు నెట్లు?
నాన్న తెచ్చినట్టి నగదప్పు యేమయ్యె?
కొఱికినట్టి, పండె, గొప్పదయ్యె

ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పాను. పిల్లల కోసం అప్పు తెచ్చిన తండ్రులను చాలామందిని చూశాను. అందుకే మూడో ప్రశ్న లేకుండా ఈ పద్యం రాయలేకపోయాను.

మూడులాంతర్లు:
అమ్మా, “పండె”ను క్రియగా తిప్పిన ఆ మలుపు! కోరిక పండింది, అప్పు గొప్పదైంది. ఈ వారం ఇంతకంటే తెలివైన విరుపు రాదనుకుంటాను. గుర్తు పొందిక అడిగారు కాబట్టి ఒక సంగతి. 1977లో ఆ బొమ్మ గీసిన రాబ్ జానాఫ్, పండు చెర్రీలా కనబడకూడదనే గాటు పెట్టానని చెప్పాడు. అంటే “కొఱికినట్టి” అన్నదే ఆ పొందికకు ప్రాణం. మీ మొదటి ప్రశ్నకు అసలైన జవాబు అది.

నాగావళి:
విరుపు గొప్పదే, సందేహం లేదు. ఇప్పుడు మూడో పాదం చూద్దాం. “అప్పు యేమయ్యె.” ఉత్తునకు, అంటే పదం చివరి ఉకారానికి, అచ్చు పరమైతే సంధి నిత్యం, తప్పక జరగాలి. అక్కడ యకారం ఎక్కడి నుంచి వచ్చింది? మొదటి పాదంలో ఫోకు పొందికతో యతి వేశారు. ఇంగ్లీషు ఫోనులో పలికే ధ్వనికి పకారంతో చుట్టరికం ఉందా?

సంచాలకులు:
రెండోదానికి జవాబు నాది. తెలుగులో ఫకారంతో రాసినప్పుడు అది పవర్గమే. యతి చెల్లుతుంది. మొదటిదానికి చంపావతి గారే చెప్పాలి.

చంపావతి:
మొదటిది నా తప్పే. “నగదప్పదేమయ్యె” అని మారుస్తున్నాను. అప్పు + అది + ఏమయ్యె. గణమూ నిలిచింది, సంధీ నిలిచింది. నేను దిద్దిన పాదాన్నే సంచాలకులు పరిగణించాలని కోరుతున్నాను.

నాగావళి గారూ, ఈ తప్పు పట్టడానికి ఎంతకాలంగా చూస్తున్నారో నాకు తెలుసు. పైడితల్లమ్మ ఉత్సవంలోని సిరిమాను మీద ఇచ్చిన సమస్య అందరికీ గుర్తుండే ఉంటుంది, “మాను నడచివచ్చె మనిషి నెత్తి”. అప్పుడు మీ మొదటి పాదం “కోట ముందు యెల్ల కొలువుదీరి నిలువ”. ముందు + ఎల్ల. ఇదే ఉత్తు, ఇదే యకారం. “కోట ముందరెల్ల” అని దిద్దింది నేను.

నాగావళి:
దిద్దారు, నేనూ ఒప్పుకున్నాను. కాని ఆ రోజు మీరు సంధి ఒక్కటే చూశారు. ఆ పద్యంలో ఏముందో చూడలేదు. అమ్మవారి చదురుగుడి నుంచి కోటకు, కోట నుంచి గుడికి మాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ తిరిగే మాను కొసన కూర్చున్న పూజారి ఒక్కడు తప్ప ఇంకెవరూ నేల వదలరని, అయినా ఊరు ఊరంతా గాలిలో తేలుతున్నట్టు ఉంటుందని చెప్పాను. ఒక యకారం కోసం అదంతా మరుగున పడిపోయింది. నాకు ఇప్పటికీ అది కష్టంగానే ఉంది.

చంపావతి:
ఆ మాట నిజమే. ఆ పూరణ మళ్లీ తీసి చదివాను. “ఊరు తేలినట్లు” అన్న భావం ఆ రోజే మెచ్చుకోవలసింది. ఇప్పుడు మెచ్చుకుంటున్నాను. సంధి విషయంలో మాత్రం నా మాట మారదు.

సంచాలకులు:
మాను ఆగింది. ఫోను దగ్గరికి వద్దాం.

వంశధార:
శ్రీకాకుళం నుంచి నా పూరణ. ఇంత ఆలస్యం ఎందుకంటే, కొత్త ఫోనులో బండిరను (ఱ) వెదకడానికే నాకు ఒక పూట పట్టింది. పాత ఫోనులో వేలికి దారి తెలుసు. మరో ఫోనుకు మారడమంటే వేళ్లు అక్షరాభ్యాసం మళ్లీ చేయడమే.

గురుని గొంతు గలుగు గుర్తులు సగమయ్యె
మిగిలియున్న పాటి మేలె నాకు
కాల మనెడి చిలుక కడుపార దినిపోవ
కొఱికినట్టి పండె గొప్పదయ్యె

నాకు ఛందస్సు నేర్పిన మాస్టారు చివరి సంవత్సరాల్లో కళ్లు సరిగ్గా కనబడక, నా పద్యాలను గొంతుతో దిద్ది పంపేవారు. 2019లో నేను ఫోను మార్చాను. చిరునామాలు వచ్చాయి, బొమ్మలు వచ్చాయి. ఆ గొంతులు రాలేదు. పాత ఫోను నిలవ కార్డులో సగం దాకా దొరికాయి. అప్పటికి ఆయన లేరు.

మూడులాంతర్లు:
చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. చిలక కొట్టిన జామపండు తియ్యనని మా అమ్మమ్మ చెట్టు కింద ఏరి ఇచ్చేది. ఆ మాటను కాలం మీదికి మళ్లించారు. ఫోను మీద ఉన్న పండు, చిలక కొట్టిన పండు, సగం మిగిలిన గొంతు, మూడూ ఒకటైపోయాయి.

ఇప్పుడు మారుతున్నవారి కోసం చెబుతున్నాను. ఆండ్రాయిడ్ నుంచి తరలించడానికి “మూవ్ టు ఐఓఎస్” అనే యాప్ 2015 నుంచీ ఉంది. వాట్సాప్ సంభాషణలు దాని ద్వారా తరలే వీలు మాత్రం 2022లో వచ్చింది. కొత్త ఫోను మొదటిసారి తెరిచి అమర్చుకునేటప్పుడే ఆ పని చేయాలి. అంతా అమర్చేశాక గుర్తొస్తే కొత్త ఫోనును తుడిచి మళ్లీ మొదలుపెట్టవలసి ఉంటుంది. రెండు ఫోనుల్లోనూ నంబరు ఒకటే ఉండాలి. అన్నీ వచ్చాయని కళ్లారా చూసుకునేవరకు పాత ఫోను అమ్మకండి. సంచాలకులూ, మీ మేనకోడలికి ఈ రాత్రే చెప్పండి.

సంచాలకులు:
ఇప్పుడే ఫోను చేశాను. పాతది ఇంకా ఇంట్లోనే ఉంది.

అరసవల్లి:
“కడుపార దిని” దగ్గర అరసున్న (ఁ) ఉండాలా అండి?

వంశధార:
ఉండాలి తమ్ముడూ. “కడుపారఁ దిని”. కొత్త ఫోనులో అదీ దొరకలేదు. పట్టుకున్నందుకు సంతోషం.

చంపావతి:
నా క్రమాలంకారం కంటే ఈ పద్యం పైన ఉంది. తీర్పు కోసం ఎదురుచూడకుండానే చెబుతున్నాను. తెలివి నాది, ప్రాణం వంశధార గారిది.

నాగావళి:
చంపావతి గారితో ఈ ఒక్క విషయంలో ఏ సవరణా లేకుండా ఏకీభవిస్తున్నాను. వంశధార గారూ, మిగిలిన ఆ గొంతులను ఇంకో చోట కూడా దాచారా? ఒక్క ఫోనునే నమ్మకండి.

వంశధార:
కంప్యూటర్‌లో ఒక ప్రతి, మా అమ్మాయి దగ్గర ఒక ప్రతి ఉన్నాయి. ఇన్నాళ్ల తరువాత ఈ రోజు కూర్చుని అన్నీ విన్నాను. మీరిద్దరూ వాదించుకున్న రోజునే ఇది దొరకడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఒక చిన్న సందేశంలో మాస్టారు నా పద్యం చదువుతూ మధ్యలో ఆగి, “బాబూ, ఉత్తుకి సంధి నిత్యం. ఇంకోసారి చెప్పించకు” అన్నారు. వెనకాల కాకి అరుపు, ఇంట్లో ఎవరో గిన్నె పెట్టిన చప్పుడు కూడా ఉన్నాయి. ఈసారి అందరం కలిసినప్పుడు వినిపిస్తాను.

చంపావతి:
తప్పకుండా వస్తాను.

నాగావళి:
నేనూ వస్తాను. ముందు వరుసలో చోటు ఉంచండి.